సూట్‌కేసులో బుర్రుమన్న బ్రష్: మీకు తెలుసా?

ఆరేళ్ళ క్రితం మాట. ఒక విమానాశ్రయంలో చెకిన్ కౌంటరు దగ్గర నా సూట్‌కేసు తూకం బల్ల మీదికి ఎక్కింది. లోపలి నుంచి సన్నగా, తేనెతుట్టె కదిలించినట్టు ఒక రొద మొదలైంది. ట్యాగు అంటించబోతున్న అమ్మాయి చెయ్యి ఆపేసి, “మేడం, లోపల ఏముంది?” అంది. నాకు వెంటనే తట్టలేదు. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. ఆ రొద అర నిమిషం సాగి, ఒక్క క్షణం తడబడి, మళ్ళీ సాగుతోంది. ఆ తడబాటు వినగానే తెలిసిపోయింది. రోజూ పొద్దున్నే నా నోట్లో వినిపించేదే అది.

సూట్‌కేసు పక్కకి లాగి తెరిచాం. చీరల మధ్య ఆవకాయ డబ్బా, దాని అంచు సరిగ్గా ఎలక్ట్రిక్ బ్రష్ మీట మీద ఒత్తుకుని ఉంది. ఆపేసి, డబ్బా అటు, బ్రష్ ఇటు మార్చి మళ్ళీ తాళం వేశాను. వెనక వరసలో పసిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డ ఆవిడ ముఖంలో కనిపించిన భయం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఈ వేసవిలో మా మేనకోడలు ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్ళింది. సామాను సర్దే పని నా మీద పడింది. ఆ పనిలో ఈ చిన్న వస్తువు గురించి తెలుసుకున్నవీ, సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

ఆ తడబాటు ఎందుకో తెలుసా?

చాలా ఎలక్ట్రిక్ బ్రష్‌లలో రెండు నిమిషాల గడియారం ఉంటుంది. నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 30 సెకన్లు కేటాయిస్తారు. 30 సెకన్లు గడవగానే బ్రష్ ఒకసారి ఆగినట్టు ఆగి, పక్క భాగానికి వెళ్ళమని గుర్తు చేస్తుంది. రెండు నిమిషాలు నిండగానే కొన్ని రకాలు తమంతట తామే ఆగిపోతాయి.

బ్యాగులో ఉన్నప్పుడు ఇదే చిక్కు తెచ్చిపెడుతుంది. రొద విని ఎవరో వచ్చేసరికి బ్రష్ ఆగిపోయి ఉంటుంది. ఏ బ్యాగులోంచి వచ్చిందో, ఏమిటో తేలదు. బెల్టు మీద బ్యాగు బోర్లా పడితే మళ్ళీ మొదలవుతుంది. అందుకే కొన్ని మోడళ్ళలో ట్రావెల్ లాక్ పెట్టారు. మీటని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది. ఆ తర్వాత ఎంత ఒత్తుకున్నా బ్రష్ కదలదు. మీ బ్రష్‌కి అది ఉందో లేదో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. చాలామంది ఆ కాగితాన్ని పెట్టెతో పాటే పారేస్తారు. లాక్ లేకపోతే మీట పైకి ఏదీ ఒత్తుకోకుండా గట్టి డబ్బాలో పెట్టాలి. కళ్ళద్దాల పాత డబ్బా దీనికి చక్కగా సరిపోతుంది. పెన్సిల్ సెల్స్‌తో నడిచే రకమైతే సెల్స్ తీసేసి, వాటి రెండు చివరలకీ టేపు వేసి, విడిగా చిన్న కవర్లో పెట్టడం అన్నిటికన్నా సుఖం.

బ్రష్ తల ఊడదీసి విడిగా సర్దడం కూడా మంచిది. కుచ్చు నలగదు, చొక్కాల దూది అంటదు.

విమానయాన నిబంధనలు ఎంఏహెచ్‌లో మాట్లాడవని తెలుసా?

నిబంధనలకి పట్టేది బ్రష్ లోపలి బ్యాటరీ. దాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు. 100 వాట్-అవర్ల లోపు లిథియం-అయాన్ బ్యాటరీకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 100 నుంచి 160 లోపు అయితే విమాన సంస్థ ఒప్పుకోవాలి. 160 దాటితే ప్రయాణికుల సామానులో ససేమిరా.

మన బ్యాటరీల మీద సాధారణంగా ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అని రాస్తారు. లెక్క తేలికే: ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణించి 1,000తో భాగించాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, 3.7 వోల్టులు అనుకుంటే 74 వాట్-అవర్లు. బ్రష్‌లో ఉండే 800 ఎంఏహెచ్ సెల్ సుమారు 3 వాట్-అవర్లు. అలాంటి బ్రష్‌లు ముప్పై కలిపినా ఒక్క బ్యాటరీకి ఇచ్చిన హద్దు దాటవు. ఈ లెక్క వేసి చూపించాక మా మేనకోడలు, “మరి ఇంత చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకత్తా?” అంది. సబబైన ప్రశ్నే. కాస్త వివరంగానే చెప్పాల్సి వచ్చింది.

చిన్న సెల్‌నీ కళ్ళెదుట ఉంచుకోమంటారు, ఎందుకో తెలుసా?

లిథియం-అయాన్ సెల్ లోపల రెండు ధ్రువాల మధ్య పల్చటి పొర ఉంటుంది. దెబ్బ తగిలి అది చిరిగినా, తయారీలోనే లోపం ఉన్నా, లోపల షార్టు అయి వేడి పుడుతుంది. ఆ వేడికి మరిన్ని రసాయన చర్యలు మొదలై ఇంకా వేడి పుడుతుంది. ఒక హద్దు దాటాక బయటి నుంచి ఏ స్విచ్ కట్టేసినా అది ఆగదు. సెల్ పక్కన సెల్ ఉంటే దానికీ అంటుకుంటుంది.

ఇది కేబిన్‌లో జరిగితే ఎవరో ఒకరికి వాసన తగులుతుంది, పొగ కనిపిస్తుంది. విమాన సిబ్బందికి దీని మీద శిక్షణ ఉంటుంది. ముందు మంటని ఆర్పుతారు, తర్వాత నీళ్ళు పోస్తూ చల్లబరుస్తారు. నీళ్ళు అందకపోతే మద్యం కాని పానీయం ఏదైనా పోస్తారు. ఇక్కడ ఒక విషయం నన్ను ఆపి ఆలోచింపజేసింది: మంచుముక్కలు మాత్రం వేయకూడదు. చల్లగా ఉంటుంది కదా అనిపిస్తుంది కానీ, మంచు కప్పేస్తే వేడి బయటికి పోయే దారి మూసుకుంటుంది, పక్క సెల్స్ ఇంకా వేడెక్కుతాయి.

ఇదే కింద సామాను గదిలో జరిగితే చూసే కళ్ళు లేవు. అక్కడ హాలోన్ అనే వాయువుతో మంటలార్పే ఏర్పాటు ఉంటుంది. మామూలు మంటలకి అది బాగా పనిచేస్తుంది. బ్యాటరీ లోపల తనంతట తను పుట్టే వేడిని మాత్రం ఆపలేదు. 2017లో అమెరికా విమానయాన విభాగం ఒక పరీక్ష చేసింది. సూట్‌కేసులో ల్యాప్‌టాప్ బ్యాటరీని కావాలని వేడెక్కించి, పక్కన జుట్టుకి కొట్టుకునే స్ప్రే డబ్బా ఒకటి పెట్టారు. నిమిషం కూడా గడవకముందే డబ్బా పేలింది. ఆ పేలుడు ధాటికి హాలోన్ చాలదని తేలింది. బ్రష్ బ్యాటరీ ల్యాప్‌టాప్ బ్యాటరీలో పదో వంతుకన్నా చిన్నది. అయినా ఆ పరీక్ష గురించి చదివాక మా ఇంట్లో డియోడరెంటూ, షేవింగ్ ఫోమూ, బ్రష్షూ ఒకే సంచిలో సర్దడం మానేశాం.

2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో ఒక సరకు విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. అందులో లిథియం బ్యాటరీలు పెద్ద ఎత్తున ఉన్నాయి, మంట ఆ సరకులోనే మొదలైంది. 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం-అయాన్ బ్యాటరీలని విడిగా సరకుగా పంపడం ప్రపంచమంతటా ఆగిపోయింది. కౌంటరు దగ్గర “బ్యాటరీలు ఏమైనా ఉన్నాయా?” అని అడిగే అమ్మాయి గొంతు వెనక ఇదంతా ఉంది. విసుక్కోకుండా జవాబు చెప్పడానికి ఇది తెలిసి ఉంటే చాలు.

ఇక నియమం సంగతి. బ్రష్ లోపలే బిగించి ఉన్న బ్యాటరీ అయితే చేతిబ్యాగులోనైనా, చెకిన్‌లోనైనా పెట్టవచ్చు. చెకిన్‌లో వేస్తే పూర్తిగా ఆపి ఉండాలి, పొరపాటున మొదలవకుండా కాపాడాలి, దెబ్బ తగలకుండా సర్దాలి. విడి బ్యాటరీలూ, పవర్ బ్యాంకులూ మాత్రం చేతిబ్యాగులోనే. రెండూ కుదిరినప్పుడు నేను చేతిబ్యాగునే ఎంచుకుంటాను. కింద పడేసే సామానులో లేకపోతే ఒక కంగారు తప్పుతుంది. పైగా సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగా వస్తే, కొత్త ఊళ్ళో మొదటి పొద్దున పళ్ళు తోముకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

అన్ని బ్రష్‌లలో లిథియం ఉండదు

ధర తక్కువ రకాల్లో చాలావాటికి నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వేస్తారు. దానికి వాట్-అవర్ల హద్దు వర్తించదు. షార్టు కాకుండా చూసుకుంటే చాలు. బ్రష్ అడుగున చిన్న అక్షరాల్లో ‘లి-అయాన్’ అనో ‘ఎన్ఐ-ఎంహెచ్’ అనో ఉంటుంది. ఫోను కెమెరాలో పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది.

తీగ తగలకుండానే చార్జ్ అవుతుంది, ఎలా?

చార్జర్ పీట మీద చిన్న బొడిపె ఉంటుంది, బ్రష్ అడుగున గుంట ఉంటుంది. రెంటిలోనూ ఎక్కడా లోహం కనిపించదు. పీట లోపల ఒక రాగి తీగచుట్ట, బ్రష్ లోపల మరొకటి. ఒకదానిలో మారుతూ పోయే కరెంటు రెండోదానిలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమిదే. ఫోన్లకి తీగలేని చార్జింగు వచ్చి కొన్నేళ్ళే అయింది, పళ్ళ బ్రష్‌లకి అది దశాబ్దాలుగా ఉంది. కారణం నీళ్ళు. తడి చేతుల్లో తిరిగే వస్తువుకి బయట లోహపు ముక్కలుంటే తుప్పు పడతాయి, షార్టు అవుతాయి.

ఈ పీట దగ్గరే మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నారు. మాకూ జరిగింది. బంధువులొకరు అమెరికా నుంచి వస్తూ మా అమ్మకి ఒక ఎలక్ట్రిక్ బ్రష్ తెచ్చారు. చదునైన రెండు రేకుల ప్లగ్గు మన గోడకి పట్టదు కాబట్టి, కిరాణా కొట్లో యాభై రూపాయల పిన్ను తెచ్చి తగిలించాను. పావుగంటలో పీట వేడెక్కి, ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది. అడుగు తిప్పి చూస్తే 110–130 వోల్టులు అని ఉంది. అమెరికాలో ఇళ్ళకి వచ్చేది 120 వోల్టులు, మనకి 230. ఆ యాభై రూపాయల పిన్ను ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. అమ్మ ఆ బ్రష్‌ని పెట్టెలో పెట్టి దాచింది, తెచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని ఎవరికీ చెప్పనివ్వలేదు.

కాబట్టి కొనేముందు, సర్దేముందు పీట అడుగున ‘ఇన్‌పుట్’ అన్న చోట చూడండి. 100–240 అని ఉంటే ఏ దేశమైనా ఫరవాలేదు. ఒకే అంకె, లేదా దగ్గరి దగ్గరి రెండంకెలు ఉంటే ఆ దేశానికే. అందరికన్నా తక్కువ వోల్టేజి వాడే దేశాల్లో జపాన్ ఒకటి, అక్కడ 100 వోల్టులే. మన దగ్గర కొన్న 220–240 వోల్టుల పీట అక్కడ సరిగ్గా చార్జ్ చేయదు.

బ్రిటన్ వెళ్ళే పిల్లలకి ఇంకో తికమక. అక్కడ స్నానాలగదిలో మామూలు ప్లగ్గు పాయింట్లు కనిపించవు. షేవర్ సాకెట్ అని రెండు గుండ్రటి రంధ్రాలతో ఒకటి ఉంటుంది. దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, తడి చేతులతో వాడినా ప్రమాదం తక్కువగా ఉండేలా బిగిస్తారు. అక్కడ అమ్మే బ్రష్‌లకి ఆ రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. గదిలోని మూడు పలకల పిన్నుల సాకెట్‌లో అది పట్టదు, వేరే అడాప్టర్ కొనుక్కోవాలి.

పదిరోజుల ప్రయాణమైతే ఇవేమీ అక్కర్లేదు. లిథియం బ్రష్‌లు చాలావరకు ఒకసారి నిండుగా చార్జ్ చేస్తే రెండు వారాలు వస్తాయి. పీట ఇంట్లోనే వదిలేసి వెళ్ళవచ్చు.

తొలినాటి ఎలక్ట్రిక్ బ్రష్‌కి బ్యాటరీ లేదు

1954లో స్విట్జర్లాండులో డాక్టర్ ఫిలిప్-గై వూగ్ తయారుచేసిన బ్రోక్సోడెంట్ నేరుగా గోడ కరెంటుతో నడిచేది. చేతులు సరిగా ఆడనివాళ్ళకీ, పళ్ళకి తీగలు కట్టించుకున్నవాళ్ళకీ పనికొస్తుందని చేశారు. అమెరికా మార్కెట్లోకి 1960లో వచ్చింది. మరుసటి ఏడాదే జనరల్ ఎలక్ట్రిక్ తీగలేని బ్రష్ తెచ్చింది. ప్రయాణానికి పనికొచ్చే బ్రష్ పుట్టింది అప్పుడే అనుకోవచ్చు.

సగం వాడిన పెద్ద పేస్టు ట్యూబు సెక్యూరిటీ దాటదు

బ్రష్ దాటినా పక్కనున్న పేస్టు ఆగిపోవడం చాలామందికి అనుభవమే. 2006 ఆగస్టులో బ్రిటన్ పోలీసులు ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చే కుట్రని బయటపెట్టారు. ఆ ఏడాది నుంచే అంతర్జాతీయ ప్రయాణాల్లో 100 మిల్లీలీటర్ల నియమం పాతుకుపోయింది. పేస్టు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చూసేది ట్యూబు పరిమాణం. అందులో మిగిలింది వేలెడంతే అయినా ట్యూబు పెద్దదైతే తీసేస్తారు. మన ట్యూబుల మీద గ్రాముల్లో రాస్తారు. పేస్టు నీటికన్నా బరువు కాబట్టి 100 గ్రాముల ట్యూబు 100 మిల్లీలీటర్లకి లోపే ఉంటుంది. 150 గ్రాములది దాటిపోతుంది. కొన్ని విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చి ఈ నియమం సడలింది కానీ, మధ్యలో విమానం మారే చోట, తిరిగొచ్చే చోట పాత నియమమే ఉండవచ్చు.

పేస్టు బదులు పళ్ళపొడి పెట్టుకుందామా అని మా అమ్మ అడిగింది. పెట్టుకోవచ్చు, పొడి ద్రవం కాదు. అయితే 2018 జూన్ నుంచి అమెరికా వెళ్ళే అంతర్జాతీయ విమానాల్లో చేతిబ్యాగులో 350 మిల్లీలీటర్లు మించిన పొడులకి అదనపు తనిఖీ ఉంటుంది. చిన్న పళ్ళపొడి డబ్బాతో గొడవ లేదు. ఆ పక్కనే పెట్టిన కిలో కందిపొడితోనే ఉంటుంది. దాన్ని చెకిన్‌లో వేయండి.

విమానం ఎక్కితే మీ పేస్టు ఊటీ వెళ్ళినట్టే

కేబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టు ఉండదు. 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున కొండ మీద ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చిప్స్ పొట్లం బెలూనులా ఉబ్బడం చూసే ఉంటారు. ట్యూబులో చిక్కుకున్న గాలి కూడా అలాగే ఉబ్బుతుంది. 8,000 అడుగుల దగ్గర విశాఖలో ఉన్నప్పటికన్నా మూడో వంతు ఎక్కువ చోటు అడుగుతుంది. మూత తీయగానే పేస్టు చివ్వున చిమ్మడానికి కారణమిదే. సర్దేముందు ట్యూబు నిటారుగా పట్టుకుని, పేస్టు మూతి దాకా వచ్చేలా మెల్లిగా నొక్కి, గాలి పోయాక మూత బిగించండి. అంతే.

ఎక్స్‌రే తెర మీద బ్రష్ ఏ రంగులో ఉంటుంది?

బ్యాగుల ఎక్స్‌రే యంత్రం పదార్థాన్ని బట్టి రంగులు వేస్తుంది. బట్టలు, ఆహారం, పేస్టు వంటివి నారింజ రంగులో, లోహాలు నీలంగా, మధ్యరకం ఆకుపచ్చగా కనిపిస్తాయి. బ్రష్‌లోని మోటారు, సెల్, రాగిచుట్ట ముదురు నీలంగా ఒకచోట గుంపుగా పడతాయి. దాని మీద చార్జర్ తీగలు, ఇయర్‌ఫోన్లు, ఫోను కేబుళ్ళు అల్లుకుని ఉంటే తెర ముందున్నవాళ్ళకి ఏది ఏదో తేలదు, బ్యాగు పక్కకి వెళ్తుంది. తీగలు విడిగా చుట్టి పెడితే వాళ్ళకీ తేలిక, మన వెనకున్నవాళ్ళకీ.

తడి బ్రష్‌కి మూత వేయకూడదు, కానీ ప్రయాణంలో వేయక తప్పదు

అమెరికా వ్యాధి నివారణ కేంద్రం బ్రష్‌ని నిటారుగా, గాలికి ఆరేలా ఉంచమనే చెబుతుంది. మూసిన డబ్బాలో తడి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. హైదరాబాదు నుంచి డాలస్‌కి ఒక రోజు దాకా ప్రయాణం. బయల్దేరే పొద్దున తోముకున్నాక గట్టిగా విదిలించి, పొడి గుడ్డతో ఒత్తి, అప్పుడు మూత వేయాలి. చేరగానే మొదట దాన్ని బయటికి తీసి గాలికి పెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకు, మామూలు బ్రష్ తీసుకెళ్తే పోదా అంటే, వారం రోజులకి నిక్షేపంగా పోతుంది. 2014లో కోక్రేన్ సంస్థ 56 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసింది. మామూలు బ్రష్‌తో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవాళ్ళకి పళ్ళ మీద పాచి మొదటి ఒకటి నుంచి మూడు నెలల్లో 11 శాతం, మూడు నెలలు దాటాక 21 శాతం తక్కువగా ఉంది. అంటే ఆ మేలు నెలల తరబడి వాడితే కూడేది. పెళ్ళికెళ్ళి నాలుగు రోజుల్లో తిరిగొచ్చేవాళ్ళు దీన్ని ఇంట్లో వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. రెండేళ్ళ చదువుకి వెళ్ళే పిల్ల మాత్రం తీసుకెళ్ళాలి.

గేటు దగ్గర చేతిబ్యాగు తీసుకుంటే?

విమానం నిండిపోతే గేటు దగ్గరే కొందరి చేతిబ్యాగులు తీసుకుని కిందికి పంపుతారు. అప్పటిదాకా చేతిబ్యాగులో సక్రమంగా ఉన్న పవర్ బ్యాంకూ, విడి సెల్సూ ఆ క్షణంలో నియమం తప్పినట్టవుతాయి. వాటిని తప్పకుండా బయటికి తీసి దగ్గర పెట్టుకోవాలి. బ్యాగు అడుగున ఉంటే వరసలో నిలబడి అంతా గుమ్మరించాల్సి వస్తుంది.

అందుకని మేనకోడలి బ్యాగులో అన్నిటికన్నా పైన ఒక చిన్న జిప్ సంచి పెట్టాను. అందులో పవర్ బ్యాంకు, మందులు, లాక్ వేసిన బ్రష్. దాని తల వేరే మూతలో. విమానం మారే చోట నిజంగానే ఆమె బ్యాగు తీసుకున్నారట. “సంచి లాగేసి బ్యాగు ఇచ్చేశానత్తా, పది సెకన్లు” అని మెసేజి పెట్టింది. తర్వాతి ఫొటో డాలస్ నుంచి వచ్చింది: హాస్టల్ గదిలో సింకు పక్కన గాజు గ్లాసు, అందులో మూత తీసి నిటారుగా నిలబెట్టిన బ్రష్.